గాలికి పోవుచున్న చమురు

మిరపకోతల కాలమున సాయంసమయములో ప్రత్తిపాడు వీధిలో నిలుచున్న వారికి ఒక దృశ్యము సుపరిచితము. కల్లములలో ఎండిన కాయలను టిక్కీలకెత్తి, లారీ బాడీకి పైన మనిషి ఎత్తున పేర్చి, మోకులతో బిగించి గుంటూరు యార్డునకు తరలించుచుందురు. ప్రత్తి లోడయినచో దాని ఆకారమే వేరు. నాలుగు ప్రక్కలకు పొంగి, చూడిగేదె కడుపువలె ఊగుచు పోవును. ఈ రెండును తేలిక సరకులు. బరువు చాలకముందే చోటు చాలకపోవును. కావున లోడు ఎత్తు పెరుగును, వెడల్పు పెరుగును. ఆ పెరిగిన మేర అంతయు బండి గాలిని త్రోసికొని పోవలసినదే. ఆ త్రోపునకు కూలి ఇచ్చుచున్నది డీజిలు ట్యాంకు. అనగా బండి యజమాని జేబు.

గాలికి బరువు లేదని మనకొక భ్రమ. ఘనపు మీటరు గాలి కిలోకు పైగా తూగును. తూర్పారబట్టునప్పుడు పొట్టును ఎగురగొట్టునది ఆ బరువే. నడుచుచున్న సైకిలు వెనుక కూర్చుండి, తాటాకు విసనకర్రను గాలికి అడ్డముగా పట్టి చూడుడు. చేయి వెనుకకు పోవును. దాని అంచును గాలివైపు త్రిప్పుడు, శ్రమయే యుండదు. విసనకర్ర అదే, గాలి అదే. మారినది గాలికి చూపిన మొగమొక్కటే.

ఇందులో ఒక ముఖ్యమైన లెక్క కలదు. వేగము రెట్టింపయినచో గాలి తాకిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. ఎనిమిది చదరపు మీటర్ల మొగము గల లారీని తీసికొందము. గంటకు 40 కిలోమీటర్ల వేగమున గాలి దానిని రమారమి 45 కిలోల బలముతో వెనుకకు నెట్టును. 80 కిలోమీటర్ల వేగమున ఆ బలము 180 కిలోలు దాటును. లోడుతో కలిపి 16 టన్నులు తూగు బండికి టైర్లు దొర్లుటలో కలుగు నిరోధము సుమారు 110 కిలోలు. అది వేగముతో అంతగా మారదు. అనగా ఊరి రోడ్డు మీద ఇంజనును అలయించునది టైరు. పెద్ద రోడ్డు మీద గాలి. ఈ భేదమును గ్రహింపక, పొలమునుండి ఇంటికి నిదానముగా నడచు ట్రాక్టరు ట్రక్కునకు ముక్కు అమర్చినచో రేకు ఖర్చు దండుగ. చిలకలూరిపేట, గుంటూరుల మీదుగా సాగు 16వ నంబరు జాతీయ రహదారిని పట్టి దూరదేశములకు పోవు లారీకే ఈ ప్రయత్నము తగును.

ఈ విషయమున అమెరికాలో జరిగిన ఒక ప్రయోగము చెప్పుకొనదగినది. కాలిఫోర్నియా ఎడారిలోని నాసా విమాన పరిశోధన కేంద్రమున ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ అను ఇంజనీరు ఉండెను. ఆయన సైకిలు మీద పనికి పోవుచుండగా, ప్రక్కనుండి దూసుకుపోవు పెద్ద లారీల గాలి ఆయనను మొదట ఆవలకు త్రోసి, పిదప తనవైపునకు లాగుచుండెడిది. బండి త్రోసిన గాలి మనిషిని ఇంతగా కదలించినచో, ఆ త్రోపునకు ఎంత ఇంధనము పోవుచున్నదో యని ఆయనకు తోచినది. 1973లో చమురు కొరత ప్రపంచమును కుదిపిన రోజులలోనే ఆ పరిశోధన మొదలయ్యెను. ఆయనయు సహచరులును ఒక పాత వ్యానునకు అల్యూమినియము రేకులు తొడిగి, పదును మూలలు గల పెట్టెవలె చేసి నడిపి చూచిరి. తరువాత ఆ మూలలను గుండ్రముగా మార్చిరి. గాలి నిరోధము సగమునకు పైగా తగ్గినది. పెట్టెలో సరకు పట్టు చోటు మాత్రము ఏమంత తగ్గలేదు.

దీని మర్మము సులభము. మూల గుండ్రముగా ఉన్నచో గాలి దానిని ఒరసికొనుచు ప్రక్కకు జారిపోవును. పదునుగా ఉన్నచో మలుపు తిరుగలేక విడివడి సుడులు పడును. ఆ సుడులను పుట్టించుటకు ఖర్చగు శక్తి తిరిగి రాదు. లారీలో ఇట్టి తావులు ముఖ్యముగా మూడు: క్యాబిను పైన గోడవలె నిలుచు లోడు మొగము, క్యాబినుకును లోడునకును నడుమనున్న సందు, బండి వెనుక భాగము.

నా ఎరుకలోని ఒక లారీ యజమాని ఈ సంగతి విని, వెల్డింగు షాపులో ఇనుప చట్రము చేయించి, దానికి రేకు బిగించి, క్యాబినుపై వాలుగా నిలిపెను. మొదటి ట్రిప్పులోనే డీజిలు బాగుగా మిగిలినదని సంబరపడి నాకు కబురు పంపెను. నేను పోయి డ్రైవరును విచారించితిని. అతడు నవ్వి, "రేకు ఎక్కడ ఊడిపోతుందోనని భయం. అరవై దాటితే ఒట్టు, మాస్టారూ!" అనెను. మిగిలిన డీజిలులో పెద్దపాలు రేకు పుణ్యము కాదు, భయము పుణ్యము!

పిదప పని క్రమముగా చేసితిమి. రేకు మీదను, లోడు ముందరి పట్టా మీదను జానెడు నూలు పోగులు వరుసగా అంటించి, వెనుక మరియొక బండిలోనుండియు, ప్రక్కనుండియు ఫోనుతో చిత్రము తీయించితిమి. గాలి నునుపుగా పోవుచోట పోగు రేకును అంటి పడుకొనును. సుడి ఉన్నచోట పిచ్చిదానివలె కొట్టుకొనును. రేకు పై అంచు లోడుకన్న జానెడు తక్కువగా ఉన్నదనియు, గాలి దానిని దాటి టిక్కీలకే కొట్టుకొనుచున్నదనియు అప్పుడు తెలిసినది. వాలు సరిచేసి, ప్రక్క సందులకు పట్టా బిగించిన తరువాత అదే డ్రైవరు, అదే లోడు, అదే వేగము. ఒకే బంకులో ట్యాంకు నిండుగా పోయించుట. ఎదురుగాలి లెక్కను తారుమారు చేయకుండ పోకయు రాకయు కలిపి చూచుట. ఇట్లు మూడు మారులు లెక్కించితిమి. మొదటి ట్రిప్పున కనిపించిన లాభములో మూడవ వంతే నిలిచినది. ఆయన ముఖము కొంచెము చిన్నబోయినది గాని, ఆ మూడవ వంతు నిజమైన లాభము.

కావున నా మనవి ఇది. తగిలించుటకు ముందు తొలగింపవలసినవి తొలగింపుడు. పని లేని టాపు క్యారియరును విప్పుడు. పట్టా రెపరెపలాడకుండ మోకులు బిగింపుడు. ఆ రెపరెప ప్రతిదియు డీజిలే. టిక్కీలను ముందు వరుసలలో మెట్లుమెట్లుగా పేర్చి పట్టా కప్పినచో లోడే ఒక వాలు మొగమగును. టైర్లలో గాలి సరిగా నుంచుడు. వేగమును 80 నుండి 65కు తగ్గించినచో గాలి తాకిడి మూడవ వంతు తగ్గును. దీనికి కాసు ఖర్చు లేదు.

అటు పిమ్మటనే రేకు సంగతి. రేడియేటరునకు గాలి పోవు దారి మూయరాదు. బ్రేకుల వేడిని బంధింపరాదు. అంచులు పదునుగా వదలరాదు. ఊడిన రేకు వెనుక వచ్చు మోటారు సైకిలువాని మెడకు కత్తి యగును. మిగిలిన చమురు ఆ ప్రాణమునకు వెల కాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను బండిలో ఇష్టము వచ్చిన మార్పులు చేయుటను అంగీకరింపదు. కావున చట్రము చేయించుటకు ముందే రవాణాశాఖ కార్యాలయమున అడిగి తెలిసికొనవలెను.

లీటరుకు 4 కిలోమీటర్లు వచ్చు లారీ 1,200 కిలోమీటర్లు పోవుటకు 300 లీటర్లు త్రాగును. అందు నూటికి 5 వంతులు మిగిలినచో 15 లీటర్లు. ఒక ట్రిప్పునకు ఇది స్వల్పమే. ఏడాది పొడుగునా తిరుగు బండికి అది పిల్లల చదువు ఖర్చు కావచ్చును. అయితే ఆ 15 లీటర్లు మిగిలినవో లేదో ఊహతో తేలదు. క్యాబినులో దేవుని పటము ప్రక్కన ఒక చిన్న పుస్తకము ఉంచి, పోయించిన లీటర్లును, నడచిన కిలోమీటర్లును, ఎక్కిన బరువును, నడిపిన వేగమును ప్రతి ట్రిప్పునకు వ్రాయింపుడు. రేకు కొనుటకు ముందు ఆ పుస్తకము కొనుడు.