రాజీకి ఎవరి ఖర్చు?



మన కృష్ణా జిల్లాలో ఆలుమగల తగవు పెద్దల పంచాయితీకి ఎక్కడం కొత్త కాదు. అక్కడ చాలాసార్లు వినిపించేది ఒకటే మాట: "సర్దుకుపోమ్మా." అది కాదని కోర్టుకెక్కిన స్త్రీని కోర్టు ఇప్పుడు మధ్యవర్తి దగ్గరకు పంపుతోంది. ఈ రెండో పంచాయితీ మొదటిదాని కంటే ఎందులో మెరుగో మనం అడగాలి.

నేను మధ్యవర్తిత్వానికి వ్యతిరేకిని కాను. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగేకన్నా భరణం, పిల్లల సంగతి త్వరగా తేలితే స్త్రీకే మేలు. కుటుంబ న్యాయస్థానాల చట్టం (1984) తొమ్మిదో సెక్షన్ రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత అంది. మన హైకోర్టు తీర్పు మీద వెళ్లిన కె. శ్రీనివాసరావు, డి.ఎ. దీప కేసులో 2013లో సుప్రీంకోర్టు, 498-ఎ కేసుల్లో సైతం రాజీకి ఆస్కారం ఉంటే మధ్యవర్తిత్వానికి పంపవచ్చని చెప్పింది.

మరి దీనికి డబ్బు ఎటు పోతోంది? 13వ ఆర్థిక సంఘం 2010-15 కాలానికి ప్రత్యామ్నాయ పరిష్కార కేంద్రాలకు, మధ్యవర్తుల శిక్షణకు 750 కోట్ల రూపాయలు కేటాయించింది. మధ్యవర్తికి 40 గంటల శిక్షణ ఉంది. గౌరవ వేతనమూ ఉంది. అయితే సుప్రీంకోర్టు కమిటీ సూచించిన పద్ధతిలో రాజీ కుదిరితే ఎక్కువ, కుదరకపోతే తక్కువ. మధ్యవర్తి ఎంత నిజాయితీపరుడైనా, ఈ లెక్క "కుదిర్చేయండి" అనే చెబుతుంది.

కాపురం విజయవాడలో, పుట్టిల్లు నాగాయలంకలో ఉన్న కూలి స్త్రీని తలచుకోండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చిన హక్కు. కాని లాయరు ఉచితమైనంత మాత్రాన రోజు కూలి తిరిగి రాదు. బస్సు చార్జీ, చంకలో బిడ్డ, అవతలి వైపు పదిమంది బంధువులు. మూడో సిట్టింగులో ఆమె తలూపితే, అందులో సమ్మతి ఎంత, అలసట ఎంత?

దీనికి జవాబు మన రాష్ట్రమే ఒకసారి ఇచ్చింది. 2003లో 498-ఎను కోర్టు అనుమతితో రాజీపడదగిన నేరంగా మార్చినప్పుడు, రాజీ కోరిన నాటి నుంచి మూడు నెలలు గడవాలని, ఈలోగా ఎవరూ వెనక్కి తగ్గకపోతేనే కోర్టు ఒప్పుకోవచ్చని షరతు పెట్టారు. ఆ సవరణ చేరిన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1న కొత్త సంహిత వచ్చింది. కోడ్ మారినా ఆ జాగ్రత్తను మనం వదులుకోకూడదు.

కాబట్టి మన సంఘాలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవలసినవి మూడు. మధ్యవర్తికి కుదిరిన రాజీని బట్టి కాక, వెచ్చించిన కాలాన్ని బట్టి వేతనం ఇవ్వాలి. సిట్టింగుకు వచ్చే స్త్రీకి కూలి, దారి ఖర్చులు ఇవ్వాలి. ఆమె కోరితే సంఘం మనిషిని పక్కన కూర్చోనివ్వాలి, సంతకానికి ముందు ఆలోచించుకునే గడువు ఇవ్వాలి.

రాజీ కుదిరిన కేసుల సంఖ్య రిజిస్టరులో చేరుతుంది. ఆ తర్వాత భరణం అందిందా, మళ్లీ దెబ్బలు పడ్డాయా అనేది కూడా అదే రిజిస్టరులో ఉండాలి. ఆ గడి నింపే పనికి డబ్బు కేటాయించేదాకా మనం అడుగుతూనే ఉండాలి.