విలేకరి కుర్చీ దాకా వెళ్లే చదువు

(శావల్యాపురం మండల విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం ఏర్పాటు చేయదలచిన విద్యానిధిలో ఒక భాగాన్ని జర్నలిజం చదవాలనుకునే దళిత విద్యార్థుల కోసం కేటాయించాలని నేను తీర్మానం ప్రతిపాదించాను. "ఇంజనీరింగు, నర్సింగు ఉండగా జర్నలిజం ఎందుకండీ?" అని కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానం చెప్పుకోవడానికే కార్యదర్శి గారు నాకు ఈ పది నిమిషాలు ఇచ్చారు.

ముందుగా లెక్క చెబుతాను. 1996లో వాషింగ్టన్ పోస్ట్ పత్రికకు ఢిల్లీ విలేకరిగా ఉన్న కెన్నెత్ కూపర్, ఒక దళిత పాత్రికేయునితో మాట్లాడాలనుకుని సీనియర్ పాత్రికేయులు బి.ఎన్. ఉనియాల్ గారిని అడిగారు. కూపర్ అమెరికాలోని నల్లజాతికి చెందినవారు. ఉనియాల్ గారికి ఒక్క పేరూ తట్టలేదు. తన ముప్పై ఏళ్ల వృత్తిలో ఒక్క దళిత పాత్రికేయుణ్ణి కూడా కలుసుకోలేదని ఆయనకు అప్పుడు తెలిసివచ్చింది. కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉన్న 686 మంది విలేకరుల జాబితా తీశారు. 454 మంది పేర్లలోనే కులం కనబడుతోంది. వారిలో దళితులు లేరు. మిగిలిన 232 మందిలో 47 మందికి ఫోన్ చేసి అడిగారు. అక్కడా ఒక్కరూ లేరు. ఈ సంగతిని ఆయన 1996 నవంబరులో పయనీర్ పత్రికలో రాశారు.

అది పాత ముచ్చట అనుకోవడానికి వీలు లేదు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ సంస్థలు కలిసి పత్రికల్లో, టీవీల్లో, వెబ్ వార్తాసంస్థల్లో నాయకత్వ స్థానాలను లెక్కించాయి. 121 స్థానాల్లో 106 అగ్రకులాల వారివి. ఎస్.సి., ఎస్.టి.లు ఒక్కరూ లేరు.

ఎందుకిలా జరిగింది? మనం ఉద్యోగాల్లోకి వచ్చిన దారిని గుర్తు చేసుకుంటే తెలుస్తుంది. నోటిఫికేషన్ పడింది, దరఖాస్తు పెట్టాం, పరీక్ష రాశాం, రోస్టరు ప్రకారం ఆర్డరు వచ్చింది. నేను హాస్టల్లో ఉండి, స్కాలర్‌షిప్పుతో చదివి, ఆ దారిలోనే తెలుగు పండితుణ్ణయ్యాను. పత్రికలు ప్రైవేటు సంస్థలు. వాటికి రోస్టరు లేదు. మండల స్థాయిలో కంట్రిబ్యూటరుగా చేరినవారికి అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే పైకమే ఆదాయం. దాన్నే లైన్ అకౌంట్ అంటారు. అది పెట్రోలు ఖర్చుకు కూడా చాలదని ఆ పని చేసినవారందరికీ తెలుసు. కాబట్టి ఇంటి దగ్గర పొలమో, దుకాణమో ఉన్నవారే అందులో నిలబడతారు. కూలికి వెళ్లే తల్లిదండ్రుల బిడ్డ జీతం లేకుండా రెండేళ్లు పని నేర్చుకోవాలంటే ఇల్లు గడవదు. వాడికి తెలివి లేక కాదు, ఆ రెండేళ్లు మోసే మనిషి లేక ఆగిపోతున్నాడు.

దీనివల్ల నష్టం ఒక్క ఉద్యోగంతో పోదు. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను చంపినప్పుడు ఆ ఊళ్ల పేర్లు దేశమంతా తెలిశాయి. కానీ అంతకు ముందు సంవత్సరాల మాటేమిటి? శ్మశానానికి దారి లేకపోవడం, హాస్టల్లో నీళ్లు రాకపోవడం, కూలి డబ్బులు నెలల తరబడి అందకపోవడం, ఇవన్నీ వార్తలే. వాటిని చూసి ఇది వార్త అని గుర్తుపట్టే కన్ను పత్రికాఫీసులో ఉండాలి కదా! అలాగని దళిత విలేకరి దళితవాడ వార్తలే రాయాలని నేననడం లేదు. సాగర్ కుడి కాలువ నీళ్ల గురించి, బడ్జెట్ గురించి, క్రికెట్ గురించి కూడా రాయాలి. ఏ వార్త మొదటి పేజీకి ఎక్కాలో నిర్ణయించే బల్ల దగ్గర కూర్చోవాలి.

రాయగలవారు లేరన్న మాట మాత్రం ఎవరూ అనకూడదు. మన పక్కనే ఉన్న వినుకొండలో 1895లో పుట్టిన జాషువా గారు తన కావ్యంలో అంటరాని మనిషి మొర శివుడికి చేరవేయడానికి గబ్బిలాన్ని పంపారు. అతని మాట మోసే మనిషి దొరకలేదన్నమాట. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గారు 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న గారు 'జయభేరి' నడిపారు. మన కాలంలో బొజ్జా తారకం గారు 'నలుపు' పక్షపత్రికకు సంపాదకత్వం వహించారు. ఇవన్నీ సొంత కష్టంతో నడిచినవి.

అంబేడ్కర్ గారి జీవితంలో నాకు అన్నిటికన్నా గట్టి పాఠం ఇక్కడే కనిపిస్తుంది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్పు ఇచ్చి ఆయనను అమెరికా పంపారు. చదువు అయింది. 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పత్రిక పెట్టేటప్పుడు మళ్లీ ఒక చేయి కావలసివచ్చింది. కొల్హాపూర్ మహారాజు శాహూ 2,500 రూపాయలు ఇచ్చారు. అంతటి మేధావికే చదువుకు ఒక సాయం, కలం పట్టి నిలబడడానికి ఇంకొక సాయం కావలసి వచ్చాయి. మన పిల్లలకు మొదటిది ఎంతో కొంత దొరుకుతోంది. రెండవది దొరకడం లేదు.

మొదటి సాయం సంగతి చూడండి. 1944లో మొదలైన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు గుర్తింపు పొందిన విద్యాసంస్థల కోర్సులకు వర్తిస్తుంది. ఢిల్లీలో 1965లో స్థాపించిన భారతీయ జన సంచార సంస్థ ప్రభుత్వానిది కనుక అక్కడ సీట్లలో రిజర్వేషన్ ఉంది. చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం దళిత, ఆదివాసీ విద్యార్థులకు ప్రత్యేకంగా స్కాలర్‌షిప్పులు ఇచ్చింది. ఉస్మానియాలో 1954 నుంచి జర్నలిజం శాఖ ఉంది. తెలుగు దినపత్రికలు కొన్ని తామే పాఠశాలలు నడిపి శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తాయి. కానీ ఇవన్నీ ఉన్నాయని మన ఊరి డిగ్రీ విద్యార్థికి చెప్పేవారు లేరు. చెప్పినా, ప్రవేశ పరీక్షలో అనువాదం, వ్యాసం రాయడానికి తగిన సాధన లేదు.

లెక్క తీసి, శిక్షణ ఇస్తే మార్పు వస్తుందా అంటే, వస్తుంది. అమెరికాలో పత్రికా సంపాదకుల సంఘం 1978లో లెక్కించగా దినపత్రికల్లో నల్లజాతి తదితర అల్పసంఖ్యాకులు 4 శాతం. వారు ఏటా లెక్క ప్రకటిస్తూ, శిక్షణ శిబిరాలకు తోడ్పడితే 2000 నాటికి అది సుమారు 12 శాతమైంది. జనాభాలో వారి వాటాకు సమానం కావాలన్న లక్ష్యం చేరలేదు గానీ మూడింతలు పెరిగింది.

ఇక మన వంతు. నెలకు 200 రూపాయల చొప్పున యాభై మంది ఇస్తే నెలకు 10,000 అవుతుంది. ఏటా ఒక్క విద్యార్థిని, వీలైతే ఆడపిల్లను, ఎంపిక చేద్దాం. ఫీజు ప్రభుత్వ స్కాలర్‌షిప్పులో రానివ్వండి. మన డబ్బు గదికి, భోజనానికి, పుస్తకాలకు వాడదాం. కోర్సు ముగిశాక ఇంకో సంవత్సరం కూడా ఈ సాయం కొనసాగాలి. నా తీర్మానంలో ముఖ్యమైన మాట అదే. డబ్బు ఇవ్వలేనివారు పని ఇవ్వవచ్చు. రెవెన్యూలో చేసినవారు కుల, ఆదాయ ధ్రువపత్రాలకు దారి చూపండి. మాస్టార్లం ఆదివారాలు అనువాదం, వ్యాకరణం చెబుతాం.

"ఈ డబ్బు మన సభ్యుల వైద్యానికి వాడకూడదా?" అన్న మిత్రులకు ఒక్క మాట. డి.ఆర్. కోసం మనం వినతిపత్రం ఇచ్చిన ప్రతిసారీ ముందు విలేకరి గారికి కబురు చేస్తాం. వార్త పడితే ఫైలు కదులుతుందని మన సర్వీసంతా చూశాం. కబురు చేయడానికి మనకు మనిషి ఉన్నాడు. దళితవాడకు కూడా అటువంటి మనిషి ఉండాలనే నేను కోరుతున్నాను. వైద్య నిధిని ముట్టుకోవద్దు. ఇది వేరే ఖాతాగా, వేరే రసీదు పుస్తకంతో నడపవచ్చు.

తీర్మానం మీ ముందుంది. సందేహాలుంటే అడగండి, మార్పులుంటే చేయండి, అందరూ కలిసి ఆమోదించండి అని కోరుతున్నాను.