తోలుబొమ్మయు, ఫోనుబొమ్మయు
(కొడవలూరు గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



అక్షరము నేర్వని బాలుడు సైతము రామకథ నెరిగియుండుట తెలుగు పల్లెలలో వింత గాదు. ఆ చదువు చెప్పిన బడులలో తోలుబొమ్మలాట యొకటి. అనంతపురము, గుంటూరు, నెల్లూరు సీమలలో ఆ విద్య తరతరములుగా నడచినది. మేకతోలును వెలుగు చొచ్చునంత పలుచగా శుద్ధిచేసి, రంగులద్ది, నగలుండవలసిన చోట సన్నని రంధ్రములు పొడిచెడివారు. తెల్లని తెర వెనుక ఆముదపు దీపములు వెలిగించినచో ఆ రంధ్రముల వెలుగే కిరీటమై, హారమై మెరసెడిది. రంగనాథ రామాయణ ద్విపదలు పాడుచుండగా, నడుమ నడుమ జుట్టుపోలిగాడును బంగారక్కయు వచ్చి నవ్వించెడివారు.

ఇప్పుడు ప్రాథమిక పాఠశాలల వాకిట వేరొక బొమ్మలాట నిలిచియున్నది. దాని పేరు ఆగ్‌మెంటెడ్ రియాలిటీ. ఎదుట నున్న దృశ్యమునకు లేని రూపమును జోడించుట దాని పని. సెల్‌ఫోను కెమెరాను పుస్తకములోని పటముపై నిలిపినచో, యంత్రము ఆ పటమును గుర్తించి, పుట యెంత దూరమున, ఏ వాలున నున్నదో లెక్కగట్టి, దానిపై గోపురమునో, రథమునో నిలువబెట్టును. పుస్తకమును త్రిప్పినచో ఆ రూపమును తిరుగును. 1968లో అమెరికాలో ఐవన్ సదర్లాండు తలకు తగిలించుకొను యంత్రముతో ఇట్టి దృశ్యమును చూపెను. నేడది అరచేతి ఫోనులోనికి దిగినది.

దీనికి త్రోవ కొంత పడియే యున్నది. నెల్లూరు జిల్లాలో జన్మించిన ముప్పవరపు వెంకయ్యనాయుడుగారు ఉపరాష్ట్రపతిగా 2017 సెప్టెంబరు 5న దీక్షా వేదికను ప్రారంభించిరి. పాఠ్యపుస్తకములలోని క్యూఆర్ గుర్తులు ఆ వేదికలోని పాఠములకు దారి చూపును. అవి పుటపై రూపమును నిలుపవు గాని, పుస్తకమును ఫోనును ఒకచోట జేర్చు అలవాటును బడికి తెచ్చినవి.

యంత్రము మంచిదా, చెడ్డదా యను వాదము కన్న, అందు కనబడు బొమ్మ యెవరిది, దానికి మాట చెప్పువారెవరు అని విచారించుట మేలు.

తిక్కన సోమయాజి నెల్లూరి వాడు. విరాటపర్వము మొదలుగా పదునైదు పర్వములను తెనిగించిన మహాకవి. ఆయనను చూచి వ్రాసిన పటమేదియు నేడు లేదు. పుటపై ఆయన రూపము లేచి నిలిచినప్పుడు, అది చిత్రకారుని ఊహ యని గురువు చెప్పకున్నచో, బాలుడు ఊహనే చరిత్రగా నమ్మును. ఎంత స్పష్టముగా కనబడునో అంత గట్టిగా నమ్మును. ఆయన పద్యము నొకదానిని చదివి వినిపించువారు లేకున్నచో, గడ్డము తలపాగా తప్ప తిక్కన వానికి దక్కడు.

తోలుబొమ్మల సంగతియు అట్టిదే. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. ఆ కళ గల కుటుంబములలో పలువురు దీపపు గుడ్డలు, గోడ పటములు చేసి జీవించుచున్నారు. బొమ్మ బ్రతికినది, ఆట సన్నగిల్లినది. ఇక ఫోనులోనికి బొమ్మ యొక్కటే పోయి, పాట వెలుపల నిలిచిపోయినచో, పిల్లలకు మిగులునది రంగుతోలు మాత్రమే. కళాకారుని పేరు చెప్పక, ప్రతిఫల మీయక బొమ్మను గైకొనుట దొంగతనమే యగును.

కావున బడిలో ఒక వరుస పాటింపవలెను. మొదట పిల్లలు అట్టతో బొమ్మ కత్తిరించి, కీళ్ళు దారముతో కట్టి, దీపము ముందాడింపవలెను. కాగితమునకు నూనె పూసినచో వెలుగు దానిగుండ పోవునని వారే కనుగొందురు. పిదప ఫోనులో పెద్ద బొమ్మను నలువైపుల త్రిప్పి చూడవలెను. కడపట ఊరి పెద్దల నోట కథ వినవలెను. తరగతికి ఒక్క ఫోనున్నను ఈ పని సాగును. 2020 జాతీయ విద్యావిధానము సాధ్యమైనచోట కనీసము అయిదవ తరగతి వరకు ఇంటిభాషలో బోధింపవలెనని చెప్పినది. యంత్రము పలుకు మాటయు నెల్లూరి మాట కావలదా?

ఈ పనిలో గ్రంథాలయమునకు పెద్ద పాలు గలదు. పాటలు, కథలు, సామెతలు ఎరిగిన వృద్ధులు ఈ ప్రాంతమున నేటికి నున్నారు. వారి యనుమతితో వారి కంఠమును పదిలపరచి, పేరు, ఊరు, తేదీ వ్రాసియుంచిన పుస్తకమొకటి ఈ బీరువాలలో చేరవలెను. యంత్రమును ఎప్పుడైనను కొనవచ్చును. ఆ కంఠము పోయిన పిదప జమకట్టుటకు ఏమియు నుండదు. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ సంస్థ స్వర్ణోత్సవము నాటికి ఆ పుస్తకమును నింపుగాక!