మన్యపు పొలిమేరలో జాడ తీసిన కథ



నేను బడిలో భూగోళము చెప్పిన దినములలో రెండు జిల్లాల నడిమి పొలిమేరను సుద్దముక్కతో ఒక్క గీత గీచి చూపెడివాడను. అడవిలో అట్టి గీత కానరాదని ఎరిగియు నట్లే గీచితిని. 1922 మొదలు 1924 వరకు అట్టి గీత కిటు నటు అల్లూరి సీతారామరాజు దళమును వెదకుచు తిరిగినవారి కథ నేడు మనవి చేసెదను.

విశాఖపట్నము మన్యమున గూడెపు కొండలు. దానిని ఆనుకొని గోదావరి మన్యమున రంప కొండలు. దొరతనమువారి లెక్కలో ఇవి రెండు జిల్లాలు. కొండవారికి మాత్రము అడవి యొక్కటే, కష్టమును ఒక్కటే. 1882 నాటి అటవీ చట్టము వచ్చిన పిదప పోడు కొట్టుకొనుటకు అడ్డంకులు పెరిగినవి. నర్సీపట్నము నుండి కొండమీదికి వేసిన బాటపనిలో కూలి సరిగా ముట్టలేదు. ఆ కడుపుమంటకు పొలిమేర యెక్కడిది?

1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి వరుసగా దళము చేతికి చిక్కినవి. మొదటి రెండును విశాఖ జిల్లాలోనివి, మూడవది గోదావరి జిల్లాలోనిది. 26 తుపాకులు, 2,500కు పైబడిన తూటాలు పోయినవి. చింతపల్లిలో తాను తీసికొన్న ఆయుధముల వివరము ఠాణా పుస్తకములో వ్రాసి రాజు సంతకము చేసెనట! ఇంత బాహాటముగా వచ్చి పోయిన వాని జాడ తరువాత దొరకకపోయెను.

ఎట్లు దొరకును? సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ఏమి జరిగినదో చూడుడు. ముందు నడచిన దేశీయ సిపాయిలను కదలక పోనిచ్చి, వెనుక వచ్చిన కవర్డు, హైటరు అను ఇద్దరు ఆంగ్లాధికారులను మాత్రము దళమువారు కాల్చిరి. ఎవరు ఏ త్రోవను వచ్చుచున్నారో, వరుసలో ఎవరెక్కడ నున్నారో వారికి ముందే తెలియును. జాడ తీయువాని జాడయే ముందుగా బయటపడెడిది. కొండపల్లెలలోని పసులకాపరి మొదలు ముసలమ్మ వరకు అందరును రాజుకు కన్నులు, చెవులు. పోలీసులు వచ్చి అడిగినప్పుడు వారికే నోరు లేదు.

అక్టోబరులో దళము అడ్డతీగల, రంపచోడవరము ఠాణాలపై బడినది గాని, అచటి ఆయుధములను అంతకుముందే తప్పించిరి. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెము కడ మలబారు పోలీసుల చేతిలో దళమునకు గట్టి దెబ్బ తగిలెను. పిమ్మట కొన్ని నెలలు అలికిడి లేదు. రాజు పారిపోయెననుకొనుచుండగా 1923 ఏప్రిలులో అన్నవరమున అందరికిని కనబడెను!

1924 జనవరిలో అస్సాము రైఫిల్సు దిగినది. కొండలలో నలిగిన సైన్యమది. ఏప్రిలులో రూథర్‌ఫర్డు ప్రత్యేకాధికారిగా వచ్చెను. ఆయన అడుగుజాడలను వెదకుటకంటె అన్నము పెట్టు చేతులను వెదకుట మేలని గ్రహించెను. ముఠాదారులను బెదరించిరి; దళమునకు తిండి పెట్టిన పల్లెకు దండన తప్పదనిరి. అప్పుడు కొందరు నోరు విప్పిరి. వారిని ద్రోహులని మనము చావడిలో కూర్చుండి తేలికగా అనుచుందుము. నాకట్లు అనుటకు నోరు రాదు. ఇంట గింజ లేక, వాకిట తుపాకి నిలిచిన వాని స్థితి వేరు. అంతవరకు దాదాపు రెండేండ్లు వారే గదా ఆ రహస్యమును కాపాడినది!

1924 మే 7న మంప యొద్ద రాజు చిక్కెను. ఆ దినమే కొయ్యూరులో ప్రాణము తీసిరి. పారిపోబోగా కాల్చితిమని ప్రభుత్వము, చెట్టునకు కట్టి కాల్చిరని జనులు. జూనులో గాము గంటము దొర కూలెను. ఆయన తమ్ముడు మల్లు దొర 1923లోనే పట్టుబడి, చెరలో ఏండ్లు గడపి, 1952లో విశాఖపట్నము నుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను.

2022లో రాజు పేర జిల్లా ఏర్పడినప్పుడు చింతపల్లియు రాజవొమ్మంగియు ఒక్క గీత లోపలికి వచ్చినవి. ఆయన సమాధి యున్న కృష్ణదేవిపేట మాత్రము ఆ గీతకు వెలుపలనే యుండిపోయినది.