ఆకాశమును ఆలకించిన శాస్త్రజ్ఞుడు
(పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



ఆకాశమున అతిదూరమునగల గెలాక్సీలనుండి వెలుతురుతోపాటు రేడియో తరంగములు కూడ వచ్చుచున్నవి. అవి కంటికి కానరావు. వానిని పట్టి పరిశీలించు విద్యయే రేడియో ఖగోళశాస్త్రము. మన దేశమున ఈ విద్యను పెంపొందించిన గోవింద స్వరూప్ గారిని గూర్చి నేడు మీకు మనవి చేయుచున్నాము.

వీరు 1929 లో ఉత్తరప్రదేశ్‌నందలి ఠాకుర్‌ద్వారలో జన్మించిరి. అలహాబాదులో ఎం.ఎస్‌సి. చదివి, 1961 లో అమెరికాయందలి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిరి. హోమీ భాభా గారి ఆహ్వానముపై 1963 లో స్వదేశమునకు మరలివచ్చి, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరిరి. ఆస్ట్రేలియా కానుకగా నిచ్చిన 32 చిన్న పళ్లెములను కల్యాణ్ వద్ద నెలకొల్పి, 1965 లో సూర్యుని పరిశీలింప నారంభించిరి.

పెద్ద దూరదర్శినికి పెద్ద మొత్తము కావలెను. అంత ధనము లేనిచోట వీరు కొండనే సాధనముగా చేసికొనిరి. ఊటీ భూమధ్యరేఖకు సుమారు 11 డిగ్రీల ఉత్తరమున కలదు. అచ్చట ఉత్తర దక్షిణములుగా అంతే వాలుగల కొండను వెదకి, దానిపై 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పుగల రేడియో దూరదర్శినిని 1970 లో పూర్తిచేసిరి. వాలు సరిపోవుటచే దాని ఇరుసు భూమి ఇరుసునకు సమాంతరమయ్యెను. కావున దానిని ఆ ఒక్క ఇరుసుపై త్రిప్పుచు, ఒకే గెలాక్సీని గంటలకొలది వెంబడింపవచ్చును. చంద్రుడు గెలాక్సీకి అడ్డువచ్చు క్షణమును గుర్తించి, వీరి బృందము దాని స్థానమును, పరిమాణమును కనుగొనుచుండెను.

తరువాత పుణె జిల్లాలో ఖోడద్ గ్రామము వద్ద 30 పళ్లెముల మహా దూరదర్శిని వెలసెను. ఒక్కొక్క పళ్లెము వ్యాసము 45 మీటర్లు. అవి సుమారు 25 కిలోమీటర్ల మేర వ్యాపించియున్నవి. గట్టి రేకునకు బదులు సన్నని ఉక్కుతీగల వలను బిగించిరి. గాలి వలగుండా పోవును, బరువు తగ్గును, వ్యయము కూడ తగ్గును.

ఇట్టి దూరదర్శిని పల్లెల నడుమ ఎందులకు? ఆకాశమునుండి వచ్చు సంకేతము అతి బలహీనమైనది. నగరముల విద్యుత్తు, రేడియో సందడిలో అది అణగిపోవును. పల్లెలోనైనను నిప్పురవ్వలు చిమ్ము విద్యుత్ తీగ దానికి అంతరాయమే. కావున చుట్టుప్రక్కల గ్రామముల సహకారము లేనిదే ఈ శాస్త్రము సాగదు. ఫిబ్రవరి 28 న జాతీయ విజ్ఞాన దినోత్సవ సందర్భమున అచ్చట ప్రదర్శన జరుపుచుందురు. ఆ ప్రాంతపు గ్రామీణ పాఠశాలల పిల్లలు తాము చేసిన ప్రయోగములను చూపుదురు.

గోవింద స్వరూప్ గారు 2020 లో పరమపదించిరి. ఉన్న వనరును చక్కగా గుర్తించుటయే సగము బలమని వారి కృషి చాటుచున్నది. మీ పాఠశాలలో ప్రయోగములకు ఒక గది, కొన్ని పరికరములు సమకూర్చుడు. రేపటి శాస్త్రజ్ఞుడు మీ గ్రామముననే చదువుచుండవచ్చును.