పదిమంది సొమ్ము – పంచే పద్ధతి
(బెంగుళూరు తెలుగు కుటుంబాల ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయిన వెంటనే మాట్లాడవలసి రావడం కష్టమైన పని. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు విన్న చెవులకు మరో మాట రుచించదు. అయితే నేను చెప్పదలచినది కూడా ఆదాయ వ్యయాల సంగతే గనుక ధైర్యం చేస్తున్నాను.

మా చెల్లెలి కూతురు ఈ ఊళ్లోనే సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నది. ఉద్యోగం కాక, సాయంకాలాలలో ఒక ఓపెన్ సోర్స్ బ్లాక్‌చైన్ కోసం కూడా పని చేస్తూ ఉంటుంది. ఆ గొలుసును నడిపే సమాజం వారు, మంచి పనులకు గ్రాంటులు ఇవ్వడానికి అయిదుగురు సభ్యుల సంఘం ఒకటి పెట్టి, అందులో ఈమెను ఎన్నుకొన్నారు. మూడు నెలల క్రితం వచ్చి, “మామయ్యా, మీరు మన విద్యానిధి చాలా ఏళ్లు చూశారు కదా, పదిమంది సొమ్ము ఎలా పంచాలో చెప్పండి” అన్నది. “అమ్మా, నాకు కంప్యూటరు తెరవడం, మూయడం తప్ప ఏమీ రాదు” అన్నాను. “యంత్రం సంగతి నేను చూసుకొంటాను. మీరు మనుషుల సంగతి చెప్పండి” అన్నది. ఆ మాటకు బదులు చెప్పలేక, ఆమె ఇచ్చిన కాగితాలన్నీ కూర్చుని చదివాను. నాకు అర్థమైనంత వరకు మీకు మనవి చేస్తాను.

ముందు బ్లాక్‌చైన్ అంటే ఏమిటి? షావుకారు కొట్టులో ఆవర్జా ఒక్కటే ఉంటుంది. దానిని రాత్రికి రాత్రి దిద్దితే అడిగే దిక్కు లేదు. ఒకే ఆవర్జాను వేలాది యంత్రాలలో ఏకకాలంలో వ్రాసి ఉంచితే, ప్రతి పుటలోనూ దాని ముందరి పుట ముద్ర ఉంచితే, నడుమ ఒక పుట దిద్దినవాడు ఇట్టే పట్టుబడతాడు. ఈ ఏర్పాటే బ్లాక్‌చైన్. బిట్‌కాయిన్ 2009 జనవరిలోనూ, ఇథీరియం 2015 జులైలోనూ మొదలయినాయి. ఈ నాణేలు కొనమని నేను చెప్పడం లేదు. వాటిలో చేతులు కాల్చుకొన్నవారు ఈ సభలోనే ఉండవచ్చు. నేను మాట్లాడేది ఆ ఆవర్జాను నడిపించే ప్రోగ్రాములను గూర్చి. అవి ఎవరి సొత్తూ కావు. ఎవరైనా చదవవచ్చు, వాడుకోవచ్చు, దిద్దవచ్చు. అందరిదీ అయిన వస్తువుకు మరమ్మతు ఎవరు చేయాలి? గ్రాంటుల సమస్య అంతా ఇక్కడ పుట్టినదే.

ఈ సమస్య ఎంత పెద్దదో 2014లో లోకానికి తెలిసింది. ఇంటర్‌నెట్‌లో రహస్యంగా సాగవలసిన వ్యవహారాలలో పెద్ద భాగానికి తాళం వేసేది ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము. ఆ ఏడాది దానిలో ‘హార్ట్‌బ్లీడ్’ అనే లోపం బయటపడి దేశదేశాల కంపెనీలు కంగారు పడినాయి. విచారిస్తే, ఆ ప్రోగ్రాముకు విరాళాల రూపంలో వస్తున్నది ఏడాదికి సుమారు 2,000 డాలర్లు మాత్రమేనట! దానిని నమ్ముకొని కోట్లు గడించినవారికి, దానిని కాపాడేవాడు తిన్నాడా లేదా అన్న ఊహే రాలేదు.

మన పూర్వులకు ఆ ఊహ వచ్చింది. రాయలసీమలోనూ, దాని చుట్టుపట్ల సీమలలోనూ దశబంధం అనే ఆచారం ఉండేది. చెరువు కట్టించినవారికీ, దానిని బాగు చేస్తూ వచ్చేవారికీ మాన్యమో, పంటలో భాగమో ఇచ్చేవారు. పేరులో పదోవంతు ఉన్నా, లెక్క ఊరికో తీరుగా ఉండేది. బ్రిటిషువారి కాలంలో కూడా, చెరువును మరమ్మతులో ఉంచాలన్న షరతు మీద ఈ ఇనాములు సాగినాయి. కట్టిన రోజున బహుమానం ఇచ్చి ఊరుకోక, కట్ట నిలిచినంత కాలం కూలి ఇవ్వడం అందులోని తెలివి.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉన్నది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ అందులో చెప్పారు. కట్ట నుండి నీరు ఊరడం ఒక దోషం. నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం ఒక దోషం. నీరు ఎక్కువై పొలం తక్కువ కావడం కూడా దోషమే! గ్రాంటు నిధికి ఈ మూడూ అక్షరాలా వర్తిస్తాయి. సొమ్ము చాలకపోతే అర్హులు నిరాశతో వెళ్లిపోతారు. సొమ్ము మితిమీరితే, పని కోసం కాక సొమ్ము కోసమే పనులు కల్పించేవారు చేరుతారు.

ఇక నిధికి నీరు ఎక్కడినుంచి రావాలి? జీక్యాష్ అనే గొలుసు వృత్తాంతం చెబుతాను. అది 2016 అక్టోబరులో మొదలయింది. కొత్తగా పుట్టే నాణేలలో 20 శాతం మొదటి నాలుగేళ్లూ స్థాపకులకూ, పెట్టుబడి పెట్టినవారికీ, తొలి పనివారికీ పోయేటట్లు ఏర్పాటు. గడువు తీరే ముందు ఆ సమాజంలో పెద్ద చర్చ జరిగింది. 2020 నవంబరు నుండి ఆ 20 శాతాన్ని మూడు పాళ్లు చేశారు: మొదట కట్టిన కంపెనీకి 7, ఫౌండేషన్‌కు 5, బయటివారి పనులకు గ్రాంటులుగా 8. ఆ 8 శాతాన్ని పంచే భారం, సమాజం ఎన్నుకొన్న అయిదుగురి మీద పెట్టారు. 2024 నవంబరులో మళ్లీ గడువు వచ్చింది. గ్రాంటుల 8 శాతాన్ని అలాగే ఉంచి, తక్కిన 12 శాతాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశారు. దానిని ఎవరు పంచాలో తేలిన తరువాతనే తీయాలన్నారు. నాకు ఈ తాళం నచ్చింది. ఎవరు పంచాలో తెలియనప్పుడు పంచకుండా ఉండడం కూడా ఒక పద్ధతే.

మరొక చిక్కు ఉన్నది. గొలుసు సొమ్ము గొలుసు నాణెంలోనే ఉంటుంది. పనివాడి ఇంటి అద్దె రూపాయలలో ఉంటుంది. 2018 జనవరిలో ఇథీరియం నాణెం 1,400 డాలర్ల దాకా పలికి, అదే ఏడాది డిసెంబరులో 100 డాలర్లకు లోపల పడిపోయింది. అందుచేత, మాట ఇచ్చిన గ్రాంటులకు సరిపడే సొమ్మును వెంటనే నిలకడైన కరెన్సీలోకి మార్చి వేరుగా పెట్టాలి. ధర పెరుగుతుందని ఆశపడి ఇతరుల కూలితో జూదమాడే అధికారం ఏ సంఘానికీ లేదు.

ఇవ్వడంలో మూడు తీరులు కనిపించినాయి.

మొదటిది అంచెల పద్ధతి. పోల్కడాట్ గొలుసును పోషించే వెబ్ త్రీ ఫౌండేషన్ ఈ తీరున గ్రాంటులు ఇచ్చింది. అర్జీ అందరికీ కనబడేటట్లు పెట్టాలి. పనిని అంచెలుగా విభజించి, ఏ అంచెకు ఏమి చూపుతారో ముందే వ్రాయాలి. అంచె పూర్తి అయి, పరీక్షలో నెగ్గితే ఆ విడత సొమ్ము ఇస్తారు. కొత్తవారి విషయంలో ఇది క్షేమం.

రెండవది చందాను బట్టి జోడింపు. 2018లో విటాలిక్ బ్యుటెరిన్, జోయీ హిట్జిగ్, గ్లెన్ వేల్ అనే ముగ్గురు ఒక లెక్క ప్రతిపాదించారు. 2019లో గిట్‌కాయిన్ వారు 25,000 డాలర్ల నిధితో దానిని మొదటిసారి ఆచరణలో పెట్టారు. ప్రతి చందాకూ వర్గమూలం తీసి, అన్నీ కూడి, ఆ మొత్తాన్ని వర్గం చేయాలి. ఒక ధనికుడు ఒక పనికి 100 రూపాయలిస్తే మూలం 10, దాని వర్గం 100. నిధి కలిపేది ఏమీ లేదు. అదే వందమంది తలా ఒక రూపాయి ఇస్తే మూలాల మొత్తం 100, దాని వర్గం 10,000. చందా 100 పోగా నిధి నుండి 9,900 రావాలి. నిధి చాలకపోతే అందరికీ అదే దామాషాలో తగ్గిస్తారు. ధనం కంటే జనం ముఖ్యమని ఇంత సూటిగా చెప్పిన లెక్కను నేను ఎరుగను. కాని ఆ ధనికుడే వంద దొంగ పేర్లు పెట్టి రూపాయి చొప్పున ఇస్తే? కట్ట నుండి నీరు ఊరడమంటే ఇదే. దొంగ ఓట్లు చూసిన దేశస్థులం, మనకు విడమరచి చెప్పనక్కరలేదు. మనిషి మనిషేనని నిర్ధారించే ఏర్పాటు లేనిదే ఈ లెక్క జోలికి పోరాదు.

మూడవది పని అయిన తరువాత బహుమానం. ఆప్టిమిజమ్ అనే గొలుసువారు 2021లో పది లక్షల డాలర్లను, అప్పటికే ఉపయోగపడుతున్న 58 పనులకు ఈ విధంగా పంచారు. ఏది ఉపయోగపడుతుందో ఊహించడం కంటే, ఏది ఉపయోగపడిందో తేల్చడం సులభమని వారి వాదం. వాదం మంచిదే. కాని పని అయిందాకా పస్తుండగలవాడికే ఇది పనికి వస్తుంది. చేతిలో చిల్లిగవ్వ లేని తెలివైన కుర్రవాడికి ముందుగా కొంత ఇవ్వక తప్పదు.

ఏ తీరులో ఇచ్చినా, ఇచ్చేవారు పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. తనకు సంబంధించిన అర్జీ వచ్చినప్పుడు సభ్యుడు గది దాటి వెళ్లాలి. లేదని చెప్పేటప్పుడు కారణం వ్రాసి, గడువులోగా చెప్పాలి. ఆరునెలలు జవాబు లేకుండా ఉంచడం లేదనడం కంటే క్రూరం. ఎవరికి ఎంత ఇచ్చారో, ఏ పని తప్పిపోయిందో ఏటా ప్రకటించాలి. తప్పిపోయినవాటిని దాచే సంఘం మీద నమ్మకం ముందు పోతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను విద్యానిధి కార్యదర్శిగా ఉన్న రోజులలో, మనవారు ఎక్కువగా ఉండే ఒక పేటలో గ్రంథాలయం పెట్టించాం. బీరువాలు, పుస్తకాలు, ప్రారంభోత్సవం, పూలదండలు, ఫొటోలు అన్నీ ఘనంగా జరిగినాయి. మరుసటి ఏడాది ఆ పేటవారు, తలుపు తీసి పుస్తకాలు సర్దే మనిషికి నెలకు కొద్దిపాటి జీతం ఇప్పించమని వ్రాశారు. ‘నిర్వహణ ఖర్చులు మా నిధి పరిధిలోకి రావు’ అని జవాబు వెళ్లింది. సంతకం నాదే. రెండేళ్లకు గ్రంథాలయం మూతబడింది. నేను వెళ్లి తాళం తీయించేసరికి అడుగు అరలలో పుస్తకాలకు చెదలు పట్టినాయి. మా అమ్మ చదువుకొన్న భారతం సంపుటాలు నేనే ఇచ్చాను. అవీ అందులో పోయినాయి.

మా అమ్మాయి మొదటి సమావేశానికి రెండు అర్జీలు వచ్చినాయి. ఒకటి, కళ్లు మిరుమిట్లు గొలిపే కొత్త వాలెట్ ప్రోగ్రాముకు. రెండవది, అన్ని వాలెట్లూ ఆధారపడిన ఒక చిన్న ప్రోగ్రామును ఆరేళ్లుగా ఒంటరిగా బాగు చేస్తున్న ఒకాయనది. ఆయన కొత్తగా ఏమీ చేస్తాననలేదు; ఉన్నదానిని చెడకుండా చూస్తానన్నాడు, నెలకు ఇంత కావాలన్నాడు. ఉన్న సొమ్ము ఒకదానికే చాలుతుంది. “ఏం చేయమంటారు, మామయ్యా?” అన్నది. నేను తీర్పు చెప్పలేదు. ఆ గ్రంథాలయం ఉత్తరం నకలు పాత ఫైలులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాను. చదివి, మడిచి, సంచిలో పెట్టుకొని వెళ్లింది. సంఘం ఏమి తేల్చిందో నేను అడగలేదు. ఆమె అయిదుగురిలో ఒకతె; గది లోపలి మాట గదిలోనే ఉండాలి.

ఇలాంటి పనికి మన ఊరు కూడా వెనుకబడి లేదు. 2024 అక్టోబరులో ఇక్కడి జెరోధా సంస్థవారు ఫ్లాస్ ఫండ్ పేరిట, ఓపెన్ సోర్స్ పనులకు ఏటా పది లక్షల డాలర్లు కేటాయించారు. అందరూ వాడుకొనే ప్రోగ్రాములను పోషించవలసిన బాధ్యత వాడుకొనేవారిదే అని వారు గుర్తించారు. మన పిల్లలలో అటువంటి పనులు చేస్తున్నవారు ఎందరో ఉన్నారు. సాయంకాలం పూట వారు యంత్రం ముందు కూర్చుంటే కాలక్షేపమని విసుక్కోకండి. ఏమి చేస్తున్నారో ఒకసారి అడగండి.

చివరగా ఈ సభకు ఒక ప్రతిపాదన. మన విద్యానిధి రాబడిలో పదోవంతు ఇకమీదట నిర్వహణ ఖర్చులకే ప్రత్యేకించాలి. కొత్త పనులకు దానిని తాకరాదు. దానికి దశబంధం అని పేరు పెడితే నాకు సంతోషం. పేరు లేకపోయినా సొమ్ము ఉంటే చాలు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం నేను ప్రవేశపెడతాను. బలపరచేవారు ఒకరు కావాలి. మూతబడిన ఆ గ్రంథాలయం తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉన్నది.