మన్యమున జనగణన

ఇంటింటికి వచ్చి పేర్లు వ్రాసికొనిపోవు జనగణన మేష్టరును మీరందఱు ఎఱుగుదురు. అరుగుమీద కూర్చుండి, మంచినీళ్లు త్రాగి, మీరు చెప్పినది వ్రాసికొని లేచిపోవును. మీకది కొన్ని నిమిషముల ముచ్చట. అట్టి పనిమీద 2011వ సంవత్సరమున నేను విశాఖ మన్యమున గడపిన దినములను గూర్చి చెప్పెదను.

నాది అనకాపల్లి ప్రాంతము. ఆ యేడు కొన్ని మాసముల కొఱకు నన్ను పాడేరుకు ఎగువనున్న యొక కొండ పాఠశాలకు పంపిరి. అప్పుడది విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి పాడేరు ముఖ్యస్థానముగా అల్లూరి సీతారామరాజు జిల్లా వేఱుపడినది. ఫిబ్రవరి 9 మొదలు 28 వఱకు జనులను లెక్కింపవలెను. మార్చి 1 మొదలు 5 వఱకు తిరిగి సరిచూడవలెను. నా వంతునకు కొన్ని గూడెములు వచ్చినవి. పటములో అవి ఒకదాని ప్రక్క నొకటి యున్నట్లే కనబడును. నడచినవాని మోకాళ్లకే తెలియును.

పాఠశాల వెనుక గది నా బస. ఆ మాసమున అక్కడి చలి మన పల్లపువారి చలివంటిది కాదు. రెండు దుప్పట్లు కప్పినను నిద్రపట్టక, పొయ్యిలోని నిప్పులు ఎగద్రోసికొని తెల్లవారు వఱకు కూర్చుండిన రాత్రులు కలవు. నీరు కొండయూటనుండి మోసి తెచ్చుకొనవలెను. సంతనాడు ఉప్పు, ఎండుచేపలు, కిరసనాయిలు కొనియుంచుకొనినచో మరల సంతవఱకు వెదకుకొన పనిలేదు. మధ్యాహ్నము ఏ గూడెమున నుంటినో అక్కడి చోడి అంబలియే నా భోజనము. మొదట రెండు దినములు నోటికి ఎక్కలేదు. తరువాత వరియన్నము తిన్ననాడు కడుపు నిండినట్లు తోచలేదు.

అది కొండచీపుళ్లు కోయు కాలము. ఆడవారు, మగవారు తెల్లవారకముందే కొండయెక్కి ప్రొద్దువాలిన పిదప దిగుదురు. పగటివేళ వెళ్లినచో కోళ్లును, పసిపిల్లలును తప్ప పలుకరించువారుండరు. కావున కోడికూతకు ముందు కొన్ని యిండ్లు, దీపములు పెట్టిన తరువాత కొన్ని యిండ్లు చూచుకొనెడివాడను. కాగితములను యంత్రము చదువునట! మడవరాదు, మాపరాదు, తడపరాదు. వాటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి చంకబెట్టుకొని ఏఱులు దాటితిని. అంబలి చుక్క పడునేమో యని భోజనవేళ వాటిని దూలమున కెక్కించెడివారము.

ఒక్కొక్క మనిషిని గూర్చి 29 ప్రశ్నలు. పేరు తెలియును, చుట్టఱికము తెలియును. వయస్సు దగ్గఱనే బండి దిగబడును. ముసలివారందఱు అఱువది యనియో డెబ్బది యనియో చెప్పుదురు. ఇది మన్యమునకే చెల్లినది కాదు. మన యూళ్లలోను సున్నతో ముగియు వయస్సులే హెచ్చు. ఒక అవ్వను అడిగితిని. "నీవే చూచి రాసుకో, మేస్టరు బాబూ," అన్నది. మాచ్‌ఖండ్ విద్యుత్తు వెలిగిననాటికి నీవెంతదానవని అడిగితిని. అవ్వ కన్నులు మెఱసినవి. అక్కడ మట్టి మోసినదట. చీర కట్టనేర్చిన క్రొత్తయట. పెండ్లి ఆ మఱుసటి యేడట. ఆ విద్యుత్తు పుట్టినది 1955లో. అప్పటికి పదుమూడేండ్లని లెక్కకట్టి 69 అని వ్రాసితిని. ఆమె తన వ్రేళ్లు మడచుకొని చూచుకొని, "అంత బతికానా!" అన్నది.

పదియవ ప్రశ్న మాతృభాష. నా మనస్సున నిలిచినది అదియే. నాతో తెలుగున మాటాడు మనిషి, మర్యాదకొఱకు "తెలుగు" అని చెప్పివేయును. వ్రాసికొని లేచినచో పని సులభముగా తీఱును. కాని నిబంధన వేఱు: చిన్ననాట తల్లి బిడ్డతో మాటాడిన భాషయే మాతృభాష. కావున, "మీ అమ్మ నిన్ను ఏ మాటతో జోకొట్టినది?" అని అడుగుచు వచ్చితిని. నవ్వి, కొంద ఱాదివాసీ ఒడియా యనిరి. ఖోందులు కువి యనిరి. దేశమంతట పదివేలమందికి తక్కువగా మాటాడు భాషలను ప్రకటించు పట్టికలలో వేఱుగ చూపరు. ఆ 2011 గణనలో జనులు చెప్పిన మాతృభాషల పేర్లు 19,569. వాటిని వడపోసి 1,369 చేసిరి. తుదకు 121 భాషల క్రింద కూర్చిరి. ఒక గూడెమున నలువదిమంది మర్యాదకు చెప్పిన మాట ఎక్కడికి పోవునో ఆలోచింపుడు. 2021లో జరుగవలసిన గణన ఆగిపోయి, 2027 మార్చి 1వ తేదీని లెక్కగా పెట్టుకొని జరుపుదుమని 2025లో ప్రకటించిరి గనుక ఈ సంగతి మీ చెవిని వేయుచున్నాను.

ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లులేనివారిని లెక్కించు రాత్రి. సంతపాకలో పండుకొనిన ముగ్గురు సంచారవర్తకులను లేపి వ్రాసికొంటిని. ఒకడు విసుగుకొని, రెండవవాడు బీడీ యిచ్చి ఆదరించెను.

మార్చి 3వ తేదీ, శివరాత్రి మఱునాడు, కొండపై చివరనున్న మూడు గుడిసెలకు మరల ఎక్కితిని. అక్కడ క్రొత్త బిడ్డ. ఎప్పుడు పుట్టినదన్నచో, "శివరాత్రికి ముందటి ముందటి రేయి," అనిరి. అనగా 28వ తేదీ రాత్రియే. నడిరేయి దాటి పుట్టినచో పుస్తకమున కెక్కదు, దాటకున్న నెక్కును. గడియారము లేదు. చంద్రుని బట్టి చూతమన్నను, అమావాస్య దగ్గఱపడినందున అది వేకువజామున గాని చంద్రుడు రాని రాత్రి. తండ్రి తెలియదనెను. బిడ్డ నాయనమ్మ మాత్రము విసవిస వచ్చి కువిలో ఏదో చెప్పినది. నా వెంటవచ్చిన కుఱ్ఱవాడు తెలుగు చేసెను: రాత్రి అంబలి కుండ పొయ్యిమీదనుండి దింపకముందే బిడ్డ యేడ్చినదట, ఆ కుండ తరువాత ఎవ్వరును ముట్టలేదట. ఆ కుండను కూడ చూపినది.

బిడ్డకు ఇంకను పేరు పెట్టలేదు. తల్లి పేరు చెప్పి ఆమె బిడ్డయని వ్రాసితిని. వయస్సు గడిలో సున్న పెట్టితిని. మాటరాని పసివారికి తల్లి మాటాడు భాషయే వ్రాయవలెనని నిబంధన. పదియవ ప్రశ్న యెదుట కువి అని వ్రాసి, కాగితములు సంచిలో చుట్టుకొని, చీకటి పడకముందే కొండ దిగితిని.